మెమో చూసి సెక్షన్ వేయొద్దు

పదో తరగతి మెమో చూసి ఇంటర్ ఫస్టియర్ పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టే కాలేజీలు హనుమకొండ నుంచి మంచిర్యాల దాకా కనిపిస్తాయి. ఆ మెమోలో కెమిస్ట్రీకి విడిగా మార్కులే ఉండవు. సైన్స్ మొత్తానికి కలిపి ఉన్న ఆ అంకె, మోల్ (అణువుల లాంటి కణాలను లెక్కపెట్టే ప్రమాణం) లెక్కల దగ్గర ఎవరు ఆగిపోతారో చెప్పలేదు. పాఠాలు మొదలయ్యే వారంలో అరగంట పరీక్ష పెడితే అంతకంటే ఎక్కువే తెలుస్తుంది. ప్రతి కాలేజీ ఈ పని చేయాలన్నది మా అభిప్రాయం.

పరీక్షలో కంఠస్థం చేసినవి అడగొద్దు. నిష్పత్తి, ప్రమాణాల మార్పు, పదికి ఘాతాలు, సమీకరణం తుల్యం చేయడం, అణువుల బొమ్మ చాలు. ఉదాహరణకు 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ను నీళ్లలో కరిగించి ద్రావణాన్ని 250 మిల్లీలీటర్లు చేస్తే మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఉండే మోల్‌ల సంఖ్య, ఎంత? మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 40 గ్రాములు కాబట్టి 0.1 మోల్, దాన్ని 0.25 లీటర్లతో భాగిస్తే 0.4. 0.1 అని రాసి ఆపినవాడు ఘనపరిమాణాన్ని మరిచాడు. 0.0004 అని రాసినవాడికి పద్ధతి తెలుసు, మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చలేదంతే. ఇద్దరికీ సున్నా వేసి పక్కన పెడితే ఆ తేడా ఎవరికీ తెలియదు. మొదటివాడికి గాఢత అంటే ఏమిటో మళ్లీ చెప్పాలి, రెండోవాడికి ఒక రోజు అభ్యాసం సరిపోతుంది.

ఇంకొకటి: నాలుగు నైట్రోజన్ అణువులు, ఆరు హైడ్రోజన్ అణువులు గీసి, ఎన్ని అమ్మోనియా అణువులు వస్తాయో బొమ్మ వేయమనాలి. ఒక నైట్రోజన్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు కలిసి రెండు అమ్మోనియా అణువులవుతాయి గనుక వచ్చేవి నాలుగే, రెండు నైట్రోజన్లు మిగిలిపోతాయి. ఎనిమిది గీసినవారు సమీకరణాన్ని తప్పులేకుండా తుల్యం చేయగలిగినా, ముందుగా అయిపోయేది ఏదో చూడలేదు. మరుగుతున్న నీళ్లలో బుడగల్లో ఏముంటుందని అడిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసేవాళ్లుంటారు. ఉండేది నీటి ఆవిరే. భౌతిక మార్పు, రసాయన మార్పు నిర్వచనాలు అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

విద్యా పరిశోధకులు టోబిన్, కేపీ 1981లో రూపొందించిన పది ప్రశ్నల తార్కిక పరీక్ష కూడా ఇలాంటిదే. నిష్పత్తి, సంభావ్యత, చలరాశులను అదుపులో ఉంచడం (ఒకటి మారుస్తూ మిగతావి మారకుండా చూడటం) వంటివి అందులో చూస్తారు. అందులో వెనుకబడినవారికి కెమిస్ట్రీలోనూ ముప్పు ఎక్కువని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయితే తక్కువ వచ్చినవారిలో కొందరు బాగానే నెగ్గుకొస్తారు, బాగా రాసినవారిలో కొందరు జారిపోతారు. కనుక ఈ మార్కును పిల్లవాడి నుదుటిరాతగా చూడటం తప్పు.

భాష సంగతి మరవకూడదు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్లకు ద్రావితం, ద్రావణి తెలుసు. సొల్యూట్, సాల్వెంట్ అని కాగితం మీద కనబడితే లెక్క వచ్చి కూడా వదిలేస్తుంది. ప్రశ్నలు రెండు భాషల్లోనూ ఉండాలి, లేకపోతే మనం కొలిచేది ఇంగ్లిష్‌నే. క్యాలిక్యులేటర్ ఇవ్వొద్దు. 10⁻³ను 10⁻⁵తో భాగించి 10⁻⁸ అని రాసేవారిని ఇప్పుడే పట్టుకోకపోతే, ఇదే ఏడు వచ్చే పీహెచ్ (ఆమ్లత్వాన్ని కొలిచే అంకె) లెక్కల్లో వాళ్లు చిక్కుకుంటారు.

మార్కులు నోటీసు బోర్డు మీద అంటించొద్దు, సెక్షన్లు మార్చొద్దు. తప్పును బట్టి గుంపులు చేసి, మూడు వారాలు రోజూ ఇరవై నిమిషాలు ఆ తప్పు మీదే అభ్యాసం చేయించాలి. ఆ తర్వాత అంకెలు మార్చి మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పటికీ అదే తప్పు చేసేవాళ్లను లెక్చరర్ పక్కన కూర్చోబెట్టుకుని, లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో నోటితో చెప్పించాలి.