పాత మోటారు చేతికి రాగానే తాడు లాగకండి

ఏళ్ల తరబడి మూలన పడున్న ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక బిగించే ఇంజన్, చేతికి వస్తే మనలో ఎక్కువమంది మొదట చేసే పని స్టార్టర్ తాడు లాగడం. "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అంటారు. ఆ "చూద్దాం" మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఆ ఒక్క మాటకి మంచి మోటారు ఒకటి నా కళ్లముందే బలైపోయింది.

అది మా బాబాయిది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. బాగుచేయిద్దామని బాగా పేరున్న మెకానిక్‌ని పిలిపించాం. ఆయన వస్తూనే నాలుగుసార్లు తాడు లాగారు, కార్బొరేటర్ నోట్లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టారు, ఐదోసారికి ఇంజన్ గర్జించింది. అందరం చప్పట్లు కొట్టాం. స్టాండు మీద, చుక్క నీళ్లు లేకుండా, అర నిమిషం పైనే తిరిగింది. మర్నాడు పడవకి బిగించి నీళ్లలోకి దించితే పది నిమిషాలకి శబ్దం మారింది, కాసేపటికి పట్టేసింది. విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు ముక్కలు ముక్కలు. పై సిలిండర్‌లో పిస్టన్ గోడకి రాసుకుపోయి నిలువునా గీతలు. అన్నేళ్లు మూలన ఉన్నా చెడని ఇంజన్, అర నిమిషం ముచ్చటకి చెడింది.

ఇంపెల్లర్ అంటే అరచేతిలో పట్టే రబ్బరు చక్రం, అంతే. గేర్ డబ్బా పైన, నిలువు షాఫ్ట్‌కి తగిలించి ఉంటుంది. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లన్నీ పైకి తోడేది అదే. దాని రెక్కలు పంపు గోడకి ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఆ ఒరిపిడికి నూనె లాంటిది కూడా ఆ నీళ్లే. నీళ్లు లేకపోతే క్షణాల్లో వేడెక్కి చిరిగిపోతుంది. చిరిగిన ముక్కలు ఊరుకోవు, పైకి పోయి నీటి దారుల్లో అడ్డం పడతాయి. వాడకుండా వదిలేసినా ముప్పే: వంగి ఉన్న రెక్కలు ఆ వంపులోనే గట్టిపడిపోతాయి. అందుకే పాత మోటారుకి ఇంపెల్లర్ "బాగానే ఉన్నట్టుంది" అంటే నేను ఒప్పుకోను. చూడక్కర్లేదు, మార్చేయండి. కొత్తది ఎక్కించేటప్పుడు, షాఫ్ట్ ఏ వైపు తిరుగుతుందో ఆ వైపుకే తిప్పుతూ పంపు మూత దించాలి. రెక్కలు సరైన వైపుకి వంగేది అలాగే.

ఈ పనికి అడ్డుపడేది బోల్టులు. అల్యూమినియం ఒంట్లో స్టీలు బోల్టు, పైగా ఉప్పునీరు. స్టీలు పక్కన అల్యూమినియం తినుకుపోయి, రెండూ అతుక్కుపోతాయి. బలం పెడితే తల ఊడి చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయడం, కొంచెం వేడి చూపించడం, కొద్దిగా వదులు చేసి మళ్లీ కొద్దిగా బిగించడం. ఇంతకు మించి దారి లేదు. ఒక్క బోల్టుకి మూడు రోజులు పట్టినా పట్టనివ్వండి.

ఆ తర్వాత బాబాయి ఇంకో పాత మోటారు తెచ్చారు. ఈసారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముందు ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త నూనె పోసి ఆగాను. మర్నాడు ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్ పైనున్న బరువైన చక్రాన్ని, చేత్తో తిప్పితే కదిలింది. కదలకపోతే ఇంకో వారం ఆగేవాణ్ణి తప్ప తాడు ముట్టుకునేవాణ్ణి కాదు. తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని ఎంత బలంగా నొక్కుతోందో చూడటం. రెండు సిలిండర్లకీ మధ్య తేడా పది శాతం లోపు ఉంటే మిగతా పనికి అర్థం ఉంటుంది. ఒకటి బాగా పడిపోయి ఉంటే కార్బొరేటర్ ఎంత కడిగినా లాభం లేదు, ముందు ఆ సిలిండర్ సంగతే చూడాలి.

ప్లగ్‌కి కరెంటు వస్తోందా లేదా అన్నది ఆరు మిల్లీమీటర్ల ఎడం మీద చూడాలి. నీలంగా, చిటుక్కుమని దూకాలి. నాకు పసుపుగా, నీరసంగా వచ్చింది. ఫ్లైవీల్ విప్పితే కింద పాయింట్లు (కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్) మసిబారి, ప్లగ్‌కి కరెంటు పుట్టించే కాయిల్ ఒకదాని పైపూత పగుళ్లు తేలి ఉంది. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తోనే తీయండి. సుత్తితో కొడితే ఆ దెబ్బ ఇంజన్ ఇరుసుని మోసే క్రాంక్ బేరింగుల మీద పడుతుంది.

కార్బొరేటర్‌లో ఎండిపోయిన పెట్రోలు లక్కలా అంటుకుని ఉంటుంది. పెట్రోలు కొలిచి వదిలే జెట్టు రంధ్రం కంటికి తెరిచినట్టే కనిపిస్తుంది, కానీ సగం పూడిపోయి ఉంటుంది. దాంట్లో డ్రిల్ బిట్టు పెట్టి గెలికేవాళ్లని చూస్తే నాకు ప్రాణం పోతుంది. ఆ రంధ్రం కొలతే కదా కార్బొరేటర్ అంటే! క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, చాలు. పెట్రోలు పైపులూ, పెట్రోలు పంపులోని పల్చటి పొర కూడా మార్చాలి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, గాలిలోని తేమనీ పీల్చుకుంటుంది.

ఆయిల్ దగ్గర అందరూ పండితులే. "ఇప్పటి ఆయిళ్లు మెరుగయ్యాయి, తక్కువ పోసినా పర్లేదు" అంటారు. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు నుంచీ ఈ పాత టూ స్ట్రోకులన్నిటికీ క్రాంక్ బేరింగులకి అందే నూనె పెట్రోల్లో కలిపి పోసిందే. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో చాలావాటికి 1960ల మధ్య నుంచి 50:1 మిశ్రమం వచ్చింది, అంటే ఐదు లీటర్ల పెట్రోలుకి వంద మిల్లీలీటర్ల ఆయిల్. అంతకు ముందువి ఎక్కువగా 24:1 అడుగుతాయి, దాదాపు రెట్టింపు. మీ మోటారు ఏది అడుగుతుందో అదే పోయండి. ఆయిల్ కూడా నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకమే కావాలి. బైకుకి పోసే టూ టీ వేరు, అది గాలితో చల్లబడే ఇంజన్ కోసం. ఇక స్టార్టింగ్ స్ప్రేల్లో చాలావాటిలో సరిపడా నూనె ఉండదు, పైగా సిలిండర్‌కి ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తుంది. అంతగా అవసరమైతే ఆయిల్ కలిపిన పెట్రోలే నాలుగు చుక్కలు వేసుకోండి.

గేర్ ఆయిల్ పాలలా తెల్లగా దిగింది, అంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. సీళ్లు మార్చి, కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో పొంగేదాకా కొత్త ఆయిల్ ఎక్కించాను. స్క్రూల కింద వాషర్లు కూడా కొత్తవే వేశాను. ఆ చిన్న వాషర్ని మరిచిపోతే చేసిన పనంతా వృథా.

స్టార్ట్ చేసే రోజు పెద్ద డ్రమ్ము ఆరుబయట పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, కావిటేషన్ ప్లేటు (ప్రొపెల్లర్‌కి పైన ఉండే అడ్డ పలక) మునిగి ఇంకా జానెడు పైకి వచ్చేదాకా నీళ్లు నింపాను. బాబాయి ఆత్రంగా తాడు పట్టుకోబోతే "బాబాయ్, ఒక్క నిమిషం" అని నీటి మట్టం ఇంకోసారి చూసి, అప్పుడు వదిలాను. మూడో లాగుడికి అందుకుంది. నేను శబ్దం వినలేదు, వెనకవైపు చిన్న రంధ్రాన్నే చూస్తున్నాను. ఐదారు సెకన్లకి అందులోంచి సన్నటి నీటి ధార వచ్చింది, అంటే ఇంపెల్లర్ నీళ్లు తోడుతోంది. పది నిమిషాలు మెల్లగా తిప్పాక బాబాయి సిలిండర్ హెడ్ మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచారు.