సింగారి స్వేచ్ఛ, వీధి జాగారం

ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, చేయించండి అని వెంటపడేవాళ్ళు ఈమధ్య మా కడపలోనూ తయారయ్యారు. వాళ్ళ నోళ్ళు మూయించే సదుద్దేశంతో, ఆపరేషన్ లేని ఆడపిల్లితో మూడేళ్ళు కాపురం చేసిన అనుభవశాలిగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆడపిల్లి అన్నాను. దయచేసి అక్షరాలు సరిచూసుకుని చదవండి, ఒక్క గుడి జారిందంటే నా కొంప మునుగుతుంది.

మా ఎర్రముక్కపల్లె ఇంటికి సింగారి వచ్చేనాటికి దానికి రెండు నెలలు. తెలుపు, నలుపు, ఇటికరాయి రంగు కలిసిన ఒళ్ళు. మూడు రంగుల పిల్లి అంటే దాదాపుగా ఆడదే అయి ఉంటుందని అప్పట్లో నాకు తెలీదు. ఆరో నెల పడిందో లేదో, ఒక సాయంత్రం వంటింట్లో కడప బండకు రొమ్ము ఆనించి, వెనకభాగం పైకెత్తి, తోక పక్కకు వాల్చి, వెనక కాళ్ళతో ఉన్నచోటే తొక్కడం మొదలుపెట్టింది. వీపు మీద చెయ్యి వేస్తే ఇంకాస్త కిందికి ఒంగింది. నడుము పడిపోయిందని నేనే తేల్చేశాను. కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, మీద తువ్వాలు కప్పి, స్కూటరెక్కించి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. దారిపొడవునా అది రాగం తీస్తూనే ఉంది. ఏడు రోడ్ల కూడలిలో బండి ఆగినప్పుడు పక్క ఆటోలోని ముసలామె ముందు బుట్ట వైపు, తర్వాత నా ముఖం వైపు చూసింది. ఎవరి బిడ్డనో ఎత్తుకుపోతున్నానని అనుకున్నట్టుంది.

డాక్టరు తువ్వాలు తీసి, ఒక్క చూపు చూసి, మళ్ళీ కప్పేశాడు. "నడుము గట్టిగానే ఉంది సార్. వయసొచ్చింది, అంతే. హీట్."

హీట్ అంటే వేడి. అసలే కడప ఎండలు. ఇంటికొచ్చి సబ్జా గింజలు నానబెట్టాను, మజ్జిగ పలచగా కలిపాను. సింగారి ఆ గిన్నెను వాసన చూసి, దాని పక్కనే పొర్లుదండాలు పెట్టింది. మా అమ్మ పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఇదంతా గడప మీద కూర్చుని చూసి, "వేడి గాదు గీడి గాదు, ఎదకొచ్చిందిరా నాయనా. ఎనుమైతే గాటికాడ అరుచ్చాది, ఇది మిద్దె మింద అరుచ్చాది. ఆ మజ్జిగ నువ్వు తాగు" అంది. తాగాను.

తర్వాత తెలిసిన శాస్త్రం ఏమంటే, పిల్లికి ఎద రావడం పగటి పొడుగును బట్టి ఉంటుంది. రోజుకు 12 గంటలకు మించి వెలుతురు పడితే దాని ఒంట్లో వసంతం వచ్చేస్తుంది. చలిదేశాల్లో శీతాకాలమంతా పిల్లులు బుద్ధిగా పడుకుంటాయట. మనకు వానకు కరువు గానీ వెలుతురుకు కరువా? ఆ కాస్త చలికాలమైనా నోరు మూసుకునేదేమో, మా ఇంట్లో రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు వెలుగుతుంది. అంటే నెలనెలా కరెంటు బిల్లు కట్టి మరీ దానికి ఏడాది పొడవునా వసంతం తెప్పిస్తున్నది నేనే.

బంధించి ఉంచితే వారంలో అదే చల్లబడుతుంది కదా అని మీరనవచ్చు. చల్లబడుతుంది. కానీ మొగపిల్లి కలిస్తే తప్ప సాధారణంగా పిల్లికి అండం విడుదల కాదు. అది కాలేదు గనక రెండు మూడు వారాల్లో వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. వారం పాట, రెండు వారాలు విరామం, మళ్ళీ పాట. ఆ పాట సంగతీ చెప్పాలి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తెలుగు పుస్తకాలు పరిష్కరింపజేసిన ఊరు మాది. గాడిద ఓండ్రపెడుతుందని, గుర్రం సకిలిస్తుందని, ఏనుగు ఘీంకరిస్తుందని ఒక్కో గొంతుకూ ఒక్కో మాట ఉన్న భాష. రాత్రి రెండున్నరకు ఎదకొచ్చిన పిల్లి చేసేదానికి మాత్రం క్రియాపదం దొరకలేదు. సగం ఆకలేసిన పసిబిడ్డ, సగం నూనె లేని గేటు. పక్కింటాయన నాలుగు రోజులు ఓర్చుకుని ఐదోరోజు గోడ మీదుగా అడిగాడు. "ఏమన్నా, మీ ఇంట్లో రాత్రిపూట ఎవురన్నా ఏడుచ్చాండారా?" మా ఆవిడను ఉద్దేశించి అడుగుతున్నాడని అర్థమయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి.

కడప అనగానే బయటి ఊళ్ళవాళ్ళకు సినిమాల్లో దుమ్ము రేపే సుమోలు గుర్తొస్తాయి. మా వీధిలో నిజంగా వర్గపోరు జరిగేది ప్రహరీ గోడ మీద. ఒక చెవి చిరిగిన నల్లోడు, బుర్ర లావుపాటి ఎర్రోడు, ఎక్కడి నుంచి వచ్చాడో తెలియని ఒంటికన్ను బూడిదోడు. గోడ మీద పిల్లి ఎటు దూకుతుందో తెలియదంటారు. ఇవి మూడూ మా ఇంటి వైపే దూకుతాయి. దూకేముందు గడపకు, చెప్పులకు, స్కూటరు సీటుకు తలా కాస్త ఉచ్చ చిమ్మి హద్దులు పాతుకుంటాయి. ఆ సీటు మీద కూర్చుని నేను ఒక పెళ్ళికి వెళ్ళాను. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళకూడదని పెద్దలన్నారు గానీ, చంకలో పిల్లి లేకపోయినా పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకుంటారని ఆరోజే తెలిసింది.

ఇన్ని రాత్రులు కాపలా కాసినవాణ్ణి ఒక తెల్లవారుజామున పాలప్యాకెట్ కోసం తలుపు జానెడు తీశాను. ఆ జానెడే చాలింది. మూడోనాడు సింగారి తిరిగొచ్చి, గిన్నెడు తిని, ఏమీ ఎరగనట్టు పడుకుంది. సరిగ్గా 64 రోజులకు, మా ఆవిడ బీరువా తలుపు వారగా వదిలిన పూట, పెళ్ళినాటి పట్టుచీర మడతల్లో నాలుగు పిల్లలు. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు, ఒకటి బూడిద, ఒకటి అమ్మలాగే మూడు రంగులు. ఒకే కాన్పులో ఒక్కో పిల్లకు ఒక్కో తండ్రి ఉండటం పిల్లుల్లో మామూలే. గోడ మీద వర్గాలు రాజీపడ్డాయని నేను సంతోషించాను. చీర విషయంలో ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందన్నది సామెత అనుకున్నాను, టైంటేబుల్ అనుకోలేదు. బీరువాలోంచి మంచం కిందికి, అక్కణ్ణుంచి ఫ్రిజ్ వెనక్కి, అటక మీది బియ్యం డబ్బాలోకి, పక్కింటి స్టోర్ రూములోకి. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే, అయిదో వారంలో, సింగారి మళ్ళీ కడప బండకు రొమ్ము ఆనించింది. బాలింత కదా, కొన్నాళ్ళు ఊరుకుంటుందిలే అనుకోవడం మనుషుల లెక్క. పిల్లులకు బాలింత పథ్యమూ లేదు, వావివరసలూ లేవు. ఆర్నెల్లకే వయసొచ్చే ఆ పిల్లల సంగతి, అన్నా చెల్లెళ్ళ సంగతి ఇక్కడ విప్పి రాయలేను.

ఇప్పటికి 5 కాన్పులు, 19 పిల్లలు. పంచడానికి నేను ఎక్కని గడప లేదు. అందరిదీ ఒకటే మాట: "మొగదైతే ఇయ్యన్నా, ఆడదొద్దు." మనుషుల విషయంలో పుట్టకముందే ఆడా మగా చూడకూడదని 1994లో చట్టం తెచ్చారు. పిల్లుల విషయంలో మావాళ్ళు పట్టపగలే తోక ఎత్తి చూసి తేల్చుకుంటారు. తేడా వస్తే వారంలో తెచ్చి మా గేటు లోపల పెట్టిపోతారు.

అయినా ఆపరేషన్ ఎందుకు చేయించలేదంటే, జాలి. "పాపం, ఒక్క కాన్పన్నా కానియ్యి, దాని ఉసురు మనకెందుకు" అన్నారు బంధువులు. కాన్పు కావడం పిల్లి ఆరోగ్యానికి మంచిదని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదని డాక్టరు అన్నా వాళ్ళు ఒప్పుకోలేదు. ఇంత సున్నితమైన మనసుగల ఆ బంధువులే, రెండో కాన్పు పిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలియక నేను తల పట్టుకున్నప్పుడు, "గోనెసంచిలో కట్టి బుగ్గవంక అవతల వదిలేసి రా" అని అంతే సున్నితంగా సలహా ఇచ్చారు. కోత పెట్టాలంటే అడ్డొచ్చే జాలి, సంచి మూతి బిగించేటప్పుడు అడ్డురాదు. అది ఏ రకం జాలో నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. సంచి మాత్రం కట్టలేదు. అందుకే మా ఇంట్లో ప్రస్తుతం ఏడు పిల్లులున్నాయి.

జాలితోపాటు ఖర్చు కూడా ఒక కారణమని మా ఆవిడ అభియోగం. పిల్లికి బిచ్చం పెట్టనివాడు అన్న మాట నన్ను చూసే పుట్టిందట. అది అన్యాయం. ఆపరేషన్ డబ్బు మిగిల్చి, ఆ మిగులులోంచే రోజూ లీటరు పాలు, వారానికి రెండు కిలోల చేపముక్కలు, ఒక కొత్త స్కూటరు సీటు, ఒక పట్టుచీర బాకీ భరిస్తున్నాను.

డాక్టరు ఇంకో రెండు భయాలు పెట్టాడు. ఇలా ఎదలు దాటుతూ పోతే గర్భసంచిలో చీము పట్టవచ్చట, చూసుకోకపోతే ప్రాణానికే ముప్పట. పిల్లుల రొమ్ముల్లో వచ్చే గడ్డలు చాలావరకు క్యాన్సరేనట. ఆరు నెలల లోపే ఆపరేషన్ చేయిస్తే ఆ గండం దాదాపు 90 శాతం తగ్గిపోతుందట. "సూది ఒకటి వేస్తే ఎద ఆగదా?" అని అడిగాను. ఆ మందులతోనే ఈ రెండు జబ్బులూ ఇంకా ఎక్కువ వస్తాయన్నాడు. ఈ ముక్క దగ్గర నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించాలి. దాని పొట్ట కింద చెయ్యిపెట్టి ఒక్కో రొమ్మూ తడిమి చూశాను ఆ రాత్రి. అది గుర్రుగుర్రుమంది.

సరే, ఒప్పుకున్నాను. తీసుకుపోతే, "ఇప్పుడు ఎదలో ఉంది, నెత్తురు ఎక్కువ పోతుంది, తగ్గాక రండి" అన్నాడు. తగ్గేసరికి కడుపుతో ఉంది. కడుపు దిగేసరికి పాలిస్తోంది. పాలు మాన్పించేసరికి మళ్ళీ ఎద. సందు దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. చివరికి మొన్న సోమవారం పొద్దున్నకు ఖాయమైంది. ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నాడు, పెట్టలేదు. అదే కూరగాయల బుట్ట, అదే తువ్వాలు. సింగారి మారు మాట్లాడకుండా ఎక్కి కూర్చుంది.

చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి రాగం వినిపించింది. బుట్టలో చూశాను, సింగారి నోరు మూసుకునే ఉంది. లోపల కడప బండ మీద దాని మూడు రంగుల కూతురు, ఐదు నెలలది, రొమ్ము నేలకు ఆనించి, తోక పక్కకు వాల్చి, ఉన్నచోటే తొక్కుతోంది.

గడప మీద నుంచి మా అమ్మ అంది: "వచ్చేటప్పుడు ఇంకో బుట్ట తీస్కరాప్పా."