లెగ్ పీస్ కొరికి చూపిస్తే నమ్మకం వస్తుందా?

బర్డ్ ఫ్లూ వార్త వచ్చిందంటే మనదగ్గర తంతు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. చికెన్ షాపులో ఈగలు, పక్కనే మటన్ షాపు దగ్గర క్యూ, నాలుగు రోజులు పోయాక ఒక షామియానా, దాని కింద పెద్దమనుషులు లెగ్ పీస్ కొరుకుతూ కెమెరాల వైపు నవ్వడం. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకార్లు లేచినప్పుడు హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు స్టేజీ ఎక్కి మరీ చికెన్ తిన్నారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఫ్లూ బయటపడ్డాక చాలాచోట్ల ఉచిత చికెన్ మేళాలు పెట్టారు.

ఆ మేళాలకు జనం ఎగబడ్డారు. కాబట్టి నేననేది ఏంటంటే, మనవాళ్లకి ఉన్నది వైరస్ భయం కాదు. నిజంగా ప్రాణభయమే ఉంటే ఫ్రీగా ఇచ్చినా ముట్టరు కదా! 70 డిగ్రీల దగ్గర ఉడికితే వైరస్ చస్తుందని ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు, కోడికూరని పచ్చిపచ్చిగా దించే ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? మేళాలో వండి పెట్టినవాడు కళ్లెదురుగా ఉంటాడు, తేడా వస్తే వాడి పరువే పోతుంది. షాపులో, హోటల్లో ఆ పూచీ లేదు. జనానికి అనుమానం కోడి మీద కాదు, ఆ కోడి ఎక్కడినుంచి ఏ స్థితిలో వచ్చిందన్న దాని మీద.

ఆ అనుమానం ఊరికే రాలేదు. గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని పశువ్యాధుల్ని పరీక్షించే భోపాల్ ల్యాబ్ తేల్చింది 2025 ఫిబ్రవరి 10న. కోళ్లు మాత్రం అంతకు వారాల ముందు నుంచే చస్తున్నాయి, చచ్చినవాటిని కాలువల్లో, రోడ్ల పక్కన పారేస్తున్నారని వార్తలూ వచ్చాయి. ఆ వారాల్లో మార్కెట్‌కి ఏం వచ్చిందో ఎవరైనా చెప్పారా? కోడిని కళ్లముందు కోయించుకోవడం మనవాళ్ల పాత అలవాటు, హుషారుగా ఉన్నదాన్ని చూపించి 'అది తియ్యి' అంటాం. మనకున్న ఏకైక క్వాలిటీ చెక్ అదే. అందుకే ఇలాంటప్పుడు జనం ముందు మానేసేది హోటల్ బిర్యానీ, ఎగబడేది నాటుకోడి మీద. (నిజానికి చెరువుగట్టున బాతులతో కలిసి తిరిగే నాటుకోడికే ముప్పు ఎక్కువ. కానీ అది ఎవరింటిదో తెలుసు కదా, అక్కడ కుదురుకుంటుంది మనసు.)

రైతుల వైపునుంచి ఒక మాట ఉంది, కాదనను. ఒక్క ఫారంలో ఫ్లూ వస్తే రాష్ట్రమంతా రేటు పడిపోతుంది, ఏ తప్పూ చేయని రైతు దాణా అప్పులు మీదేసుకుని కూర్చుంటాడు, అందుకని మీడియా కాస్త తగ్గాలి అంటారు. బాధ నిజమే. మందు మాత్రం తప్పు.

అసలు రోగం పరిహారం పద్ధతిలో ఉంది. అధికారులు వచ్చి చంపిన కోళ్లకే డబ్బులిస్తారు, ముందే చచ్చినవాటికి రూపాయి రాదు. సమాచారం ఇచ్చిన రైతు పరిస్థితి చూడండి: ఫారంలో కోళ్లన్నిటినీ చంపి పాతిపెడతారు, చుట్టూ కిలోమీటరు దూరం ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్లు నిఘా, షెడ్డు నెలల తరబడి ఖాళీ, పైగా ఊళ్లో మిగతా ఫారాలవాళ్లందరికీ శత్రువు. నోరు మూసుకుని బతికున్న బ్యాచ్‌ని రాత్రికి రాత్రి లారీ ఎక్కిస్తే ఎంతో కొంత చేతికొస్తుంది. అందరూ అలా చేస్తారని కాదు, చేసినవాడికి లాభం ఉండేలా మనమే రూలు రాసుకున్నాం అంటున్నా. చచ్చిన కోళ్లకి కూడా లెక్కగట్టి వారంలో డబ్బు వేస్తే మొదటి కోడి తలవాల్చిన రోజే ఫోన్ వస్తుంది. ఆ ఖర్చుకి వెనకాడేవాళ్లు మేళాలకి ముందుంటారు!

మనుషుల విషయంలోనూ ఇదే దాపరికం. నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప 2025 మార్చి 16న బర్డ్ ఫ్లూతో చనిపోయింది, పచ్చి చికెన్ ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఈ సంగతి జనానికి తెలిసింది ఏప్రిల్ మొదట్లో. 'చెబితే టెన్షన్ పడతారు' అన్నది మన ప్రభుత్వాలకి ఏ పార్టీ వచ్చినా పోని జబ్బు. నీళ్లు కలుషితమైనా అంతే, పాలు కల్తీ అయినా అంతే, ముందు 'ఆందోళన వద్దు' అని ప్రకటన, తర్వాత పరీక్ష.

యూరప్‌లో గుడ్డు పెంకు మీదే ఫారం నంబర్ ముద్ర ఉంటుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందుండే ఆంధ్రాలో మనం చేసేది దీపం ముందు పెట్టి చూడటం, నీళ్లలో వేసి తేలుతుందా అని చూడటం. రేటు మాత్రం రోజూ పొద్దున్నే ఫోన్‌కి వచ్చేస్తుంది. రేటు చేరినంత సులువుగా ఊరి పేరు ఎందుకు చేరదు?

తినాలా వద్దా అని ఆలోచించే వీలు కూడా జేబులో డబ్బున్నవాడికే. వద్దనుకుంటే చేపలు తెచ్చుకుంటాడు. ఆంధ్రా సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు, తెలంగాణలో మూడు. చాలామంది పిల్లలకి ఆ రోజు దొరికే గట్టి తిండి అదే, మానెయ్యమని ఏ తల్లీ అనలేదు. ఆ ట్రేలు ఏ ఫారం నుంచి దిగాయో వడ్డించే ఆయమ్మకే కాదు, సంతకం పెట్టి దించుకున్న హెడ్మాస్టరుకీ తెలియదు.