ఏడడుగులు చాలవు, 382 మెట్లు కావాలి

మన పెళ్ళి సంబంధాల పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉండిపోయింది. జాతకాలు చూస్తాం. 36 గుణాల్లో ఎన్ని కలిశాయో లెక్క కడతాం. అబ్బాయి జీతం మొదలుకొని అమ్మాయి మేనత్త స్వభావం దాకా వాకబు చేస్తాం. కానీ 23 కిలోల సూట్‌కేసు ఒకటి చేతికిచ్చి, మిట్టమధ్యాహ్నం కొండ కింద నిలబెట్టి, కడుపులో ఏమీ లేనప్పుడు వీళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో చూద్దామని ఏ పెద్దమనిషికీ తోచదు. ఆ పరీక్ష అసలు జరగడం లేదని కాదు. జరుగుతోంది. కాకపోతే అక్షింతలు పడ్డాక, లక్షలు పోసి, ఇటలీలో జరుగుతోంది. దాన్ని పెళ్ళిచూపుల దశకు తీసుకురావాలన్నదే నా మనవి.

నా దగ్గర ఆధారం ఉంది. కిందటేడాది మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళయింది. గుణాలు 28 కలిశాయి. ఇంతటి పొంతన ఈ మధ్య చూడలేదని సిద్ధాంతిగారు మురిసిపోయి రెండో కప్పు కాఫీ తాగారు. జూన్‌లో ఇద్దరూ హనీమూన్‌కి ఇటలీ బయలుదేరారు. రోమ్, వెనిస్ అందరూ చూసేవేననీ, తాము చిన్న చిన్న ఊళ్ళూ సముద్రపు ఒడ్డు పల్లెలూ తిరుగుతామనీ ప్రకటించారు. అబ్బాయి నాన్నమ్మ ఉండేదీ చిన్న ఊరే, సముద్రానికి దగ్గరే. పెళ్ళయ్యాక అక్కడ ఒక్క పూట ఉండి వచ్చారు. దీని గురించి నేను వ్యాఖ్యానించను.

ఇటలీ వెళ్ళడానికి తీసుకునే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అలకకు బీమా అడగరు. ఆ దరఖాస్తులో నాకు కనిపించిన లోటు అదొక్కటే. సామాను సంగతి మా అక్క చూసుకుంది. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదని తెలిసి, కన్నీళ్ళతో నెయ్యి డబ్బా బయటికి తీసింది. ఖాళీ అయిన చోట ఇంకో కిలో ఆవకాయ పెట్టింది.

వాళ్ళ మొదటి మజిలీ చింక్వె తెర్రె. ఇటలీ వాయవ్యాన, లిగూరియా తీరంలో కొండ అంచులకు పిట్టగూళ్ళలా అతుక్కున్న ఐదు పల్లెలు: మొంతెరొస్సొ, వెర్నాత్సా, కొర్నీలియా, మనరోలా, రియొమజ్జోరె. ఐదూ అచ్చుతోనే ముగుస్తాయి. తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అంటారన్న సంగతి మా అల్లుడికి చిన్నప్పుడు వక్తృత్వ పోటీలో బహుమతి తెచ్చిపెట్టింది. ఆ ధైర్యంతో భాష నేర్చుకోకుండానే వెళ్ళాడు. "టికెట్టూ, రైలూ, స్టేషనూ" అని ప్రతి మాటా చివర అచ్చును సాగదీసి అడిగాడు. కౌంటరులోని ఆవిడ ఎంతో ఓపికగా విని, చక్కటి ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

ఐదు పల్లెల్లో నాలుగు నీళ్ళ పక్కనే ఉంటాయి. కొర్నీలియా ఒక్కటే సుమారు వంద మీటర్ల ఎత్తున కొండ నెత్తిన కూర్చుంది. రైలు స్టేషను కింద, ఊరు పైన. మధ్యలో లార్దరీనా అనే ఇటుక మెట్ల దారి. 33 వంపులు, 382 మెట్లు. మావాళ్ళు గది తీసుకున్నది ఆ ఊళ్ళోనే. 'సముద్రం కనిపించే గది' అని ఉంటే తీసేసుకున్నారు. కొండ మీది నుంచి సముద్రం కనిపించక ఏమవుతుంది?

సప్తపదిలో మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం. లార్దరీనా మీద ఈ రెండూ మొదటి నలభై మెట్లలోనే అయిపోయాయి. అరవయ్యో మెట్టు దగ్గర "నేను పట్టుకుంటాను, నువ్వు నడు" అన్నాడు అబ్బాయి. ఆ మాట అన్న చోట ఒక శిలాఫలకం వేయించదగినది, ఎందుకంటే అది మళ్ళీ వినపడలేదు. నూట పదో మెట్టు మీద "ఇందులో ఏముంది అసలు?" అన్నాడు. "నీ ఇష్టమని అమ్మ పెట్టిన కందిపొడి" అంది. నూట డెబ్భై దగ్గర సూట్‌కేసు చక్రం ఒకటి ఊడి, రెండు వంపులు కిందికి దొర్లి, ఒక జర్మన్ పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని పైకి తెచ్చి ఇచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ మాట్లాడకుండా ముందుకు వెళ్ళిపోయాడు. అనుభవజ్ఞుడై ఉంటాడు. ఏడో అడుగుతో దంపతుల మధ్య సఖ్యం స్థిరపడుతుందంటుంది మంత్రం. 240వ మెట్టు దగ్గర ఆ సఖ్యాన్ని తాత్కాలికంగా నిలిపివేశారు.

పైకి చేరి ఊపిరి పీల్చుకుంటుండగా, వాళ్ళ పక్కనే ఒక చిన్న బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలావిడ కూరగాయల సంచితో, చెమట చుక్క లేకుండా దిగింది. స్టేషను దగ్గరి నుంచి ఊళ్ళోకి తిరిగే బస్సు అది. మావాడి జేబులో ఉన్న చింక్వె తెర్రె కార్డులో ఆ బస్సు ప్రయాణమూ కలిసే ఉంది. అంటే డబ్బు ముందే కట్టేశాడన్నమాట. అమ్మాయి కార్డు తీసుకుని, రెండువైపులా చదివి, మడవడానికి వీల్లేని ఆ కార్డును మడవడానికి ప్రయత్నించింది. "మెట్లెక్కితే ఒంటికి మంచిది" అన్నాడు అబ్బాయి. "మామయ్యా, ఆ మాటకే నాకు కోపం వచ్చింది కానీ మెట్లకు కాదు" అని మా మేనకోడలు ఇప్పటికీ చెబుతుంది.

ఇంత దూరం పంపాలా, మనకు తిరుమల మెట్లు లేవా అని కొందరు అడగవచ్చు. నేనూ ఆలోచించాను. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, నిజమే. కానీ అక్కడ సామాను దేవస్థానంవారే ఉచితంగా పైకి చేరుస్తారు. దారి పొడవునా గోవిందనామం వినిపిస్తుంటే కోపం నిలవదు. నిలిచినా, కొండ మీద పోట్లాడుకుంటే పాపమని ఇద్దరూ మింగేస్తారు. పరీక్షకు పనికిరాదు.

ఇక భోజనం. మధ్యాహ్నం రెండున్నర దాటితే ఆ ఊళ్ళలో చాలా వంటిళ్ళు మూసేస్తారు. మళ్ళీ ఏడున్నరకు గాని పొయ్యి వెలగదు. నాలుగింటికి ఆకలేస్తే అది మీ వ్యక్తిగత విషయం. వెర్నాత్సా రేవు గట్టు మీద, రంగురంగుల పడవల ఎదుట కూర్చుని మావాళ్ళు రొట్టెకు ఆవకాయ రాసుకుని తిన్నారు. ఆ యాత్రలో అన్నిటికంటే అన్యోన్యంగా గడిపిన అరగంట అదేనని ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు. రాత్రి హోటలు బిల్లులో 'కొపెర్తో' అని తలకు మూడు యూరోలు వేశారు. బల్ల దగ్గర కూర్చున్నందుకు, రొట్టెబుట్ట పెట్టినందుకు అది. ఈ సంగతి ఫోనులో విని మా బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మన పెళ్ళిలో పద్నాలుగు వందల మంది కూర్చుని తిన్నారు. ఒక్కడి దగ్గరైనా కూర్చున్నందుకు పుచ్చుకున్నామా?" అన్నాడు.

శనివారం సంగతి కూడా చెప్పాలి. వెంకటేశ్వరస్వామి మొక్కు వల్ల అబ్బాయి ఆ రోజు మాంసం ముట్టడు. ఉత్త టమాటా పాస్తా తెప్పించుకుని, పైన పార్మిజానో జున్ను దండిగా తురిమించుకున్నాడు. తిన్నాక తెలిసింది, ఆ జున్నును దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో తోడు పెడతారని. అత్తగారికి తెలియనివ్వవద్దని అమ్మాయి నాకు ఒక్కడికే చెప్పింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ ఇలాంటి వ్యాసాలు చదవరు.

రియొమజ్జోరె నుంచి మనరోలాకు కొండచరియ వెంట ఒక బాట ఉంది. పేరు 'వియా దెల్లామోరె', ప్రేమబాట. కిలోమీటరు కూడా ఉండదు. 2012లో కొండరాళ్ళు విరిగిపడి మనుషులు గాయపడటంతో మూసేశారు. బాగుచేసి మళ్ళీ తెరవడానికి 2024 దాకా పట్టింది. ప్రేమకు మరమ్మతు చేయాలంటే పన్నెండేళ్ళు పడుతుందన్నమాట. ఇప్పుడు దాని మీద నడవాలంటే ముందే టికెట్టు తీసుకోవాలి, ఫలానా గంటకు వస్తామని సమయం ఖాయం చేసుకోవాలి. అచ్చం ముహూర్తమే. మావాళ్ళకు ఉదయం పదిన్నర దొరికింది. అలక పదకొండుకు తీరింది.

ఫొటోలతోనే రాజీపడదామని అదే తీరంలోని పోర్టోఫినో వెళ్ళారు. అందమైన చోట్ల జనం కదలకుండా నిలబడిపోతున్నారని ఆ ఊరివాళ్ళు 2023లో కొన్ని చోట్ల నిలబడటాన్నే నిషేధించి, జరిమానాను 275 యూరోల దాకా పెట్టారు. అది చదివిన మా అల్లుడు నడుస్తూనే ఫొటోలు తీశాడు. అమ్మాయి నడుస్తూనే చిరునవ్వు నవ్వింది. నలభై ఫొటోలున్నాయి. అన్నింటిలోనూ ఆమె ఏదో బస్సు అందుకోవడానికి పోతున్నట్టే ఉంటుంది. అందక పోయిన ఆ కొర్నీలియా బస్సే అయి ఉంటుందని నా అనుమానం.

కాబట్టి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇరుపక్షాలూ ఖర్చు చెరిసగం పెట్టుకుని పిల్లలను కొర్నీలియా స్టేషనులో దింపి రావాలి. ఒక మేనమామ పైన కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. వచ్చేటప్పటి ముఖాలు చూసి ముహూర్తం పెట్టుకోవచ్చు. ఈ పనికి నేను సిద్ధం. వీసా ఖర్చులు ఇస్తే చాలు.

అయితే ఒక్క హెచ్చరిక. ఫలితాలన్నీ వెంటనే రావు. చివరి రెండు రోజులూ వీళ్ళు కారు అద్దెకు తీసుకుని టస్కనీలో తిరిగారు. అక్కడి పాత ఊళ్ళ నడిబొడ్డున స్థానికుల బండ్లకే అనుమతి. ఆ హద్దు మొదట్లో ఎర్ర అంచు ఉన్న తెల్లటి గుండ్రటి బోర్డు ఒకటి, దాని మీద కెమెరా ఒకటి ఉంటాయి. ఎవరూ ఆపరు, ఎవరూ అరవరు. కెమెరా నెంబరు రాసుకుంటుంది, అంతే. పరదేశీయులకు నోటీసు పంపడానికి వాళ్ళ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది.

మావాళ్ళ కవరు మొదటి పెళ్ళిరోజుకు నాలుగు రోజుల ముందు వచ్చింది. విదేశీ బిళ్ళ చూసి ఏదో శుభాకాంక్షల కార్డు అనుకుని అత్తగారు దేవుడి దగ్గర పెట్టారు. పెళ్ళిరోజు నాడు కొబ్బరికాయ కొట్టాక విప్పారు. జరిమానా ఎవరు కట్టాలన్న విషయంలో పెద్ద గొడవ రాలేదు. గొడవంతా మర్నాడు వచ్చిన రెండో కవరు గురించి. అదే కెమెరా, అదే రోజు, పదకొండు నిమిషాల తేడా. పార్కింగు దొరకలేదని ఇంకో చుట్టు తిప్పమన్నది ఎవరన్నదాని మీద విచారణ నడుస్తోంది. ఆదివారం నన్ను సాక్ష్యానికి రమ్మన్నారు. నేను ఆ కారులో లేనని ఇద్దరికీ ఎంత చెప్పినా వినడం లేదు.