రాత్రి పూట ఎవరుంటారు?

అమెరికాలోని మన సంఘం ఏటా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని వృద్ధాశ్రమాలకు ఏదో ఒకటి పంపుతూనే ఉంది. దుప్పట్లు, మిక్సీలు, నీళ్ళ ప్లాంటు, పిల్లల పుట్టినరోజుకి అన్నదానం. నెల్లూరు ఊరి చివర ఒక హోమ్‌లో సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు ఎర్ర పెయింట్‌తో రాసి ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతుంటే ఎవరి పేరూ చదవలేం, కరెంటు పోతే చదవచ్చు. ఆ ఫ్యాన్ కిందే మా పెద్దమ్మ మంచం. పక్క గోడకు కాలింగ్ బెల్ ఉంది, మంచానికి రెండు మూరల దూరంలో. తుంటి విరిగి మంచం పట్టిన మనిషి చెయ్యి అక్కడిదాకా పోదు. బెల్ మాత్రం బాగానే మోగుతుంది, నొక్కి చూశాను.

పెద్దవాళ్ళను హోమ్‌లో పెట్టడం తప్పా ఒప్పా అనే చర్చ జోలికి నేను పోను. ఎవరింటి సంగతి వాళ్ళకు తెలుసు. పెట్టేముందు అడగాల్సినవి మనం అడగడం లేదన్నదే నా గోల. ఏసీ ఉందా, అటాచ్డ్ బాత్రూమ్ ఉందా, ఉల్లి వెల్లుల్లి లేకుండా వండుతారా, గుడి దగ్గరేనా అని అడుగుతాం. రాత్రి పూట ఎంతమంది పనివాళ్ళు ఉంటారని ఎవరూ అడగరు.

పగలు ఏ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది. వంటమనిషి, ఆయాలు, మేనేజరు, వచ్చిపోయే చుట్టాలు, అంతా సందడి. రాత్రి తొమ్మిది దాటాక పెద్దమ్మ ఉన్న హోమ్‌లో మిగిలేది కోవూరు వైపు నుంచి వచ్చే ఒక్క ఆయా, గేటు దగ్గర వాచ్‌మన్. "ఏం చేసేది నాయనా, కింద పన్నెండు మంది, పైన తొమ్మిది మంది. పైన ఒకామెకి డైపర్ మారస్తా ఉంటే కింద ఇంకొకాయన బాత్రూమ్‌కని లేస్తాడు. నేను దిగే లోపల పడిపోతే నన్నే అంటారు" అంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. బీపీ మిషన్ వాడటం కూడా ఆమెకు ఎవరూ నేర్పలేదు.

తమంతట తాము కదల్లేని వాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది మామూలుగా పాటించే లెక్క. ఇరవై ఒక్క మందికి ఒక్క మనిషి ఉన్నచోట అది జరగదు. తిప్పకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర ముందు చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది. ముదిరితే ఎముక దాకా పోతుంది, ఆ ఇన్ఫెక్షన్ రక్తంలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మనకు వీడియో కాల్‌లో కనిపించేది మొహం. తల దువ్వి, పౌడర్ రాసి, బొట్టు పెట్టి ఫోన్ ముందు కూర్చోబెడతారు. మొహం చూసి మన టెన్షన్ తగ్గిపోతుంది. నడుము, మడమలు ఎలా ఉన్నాయో అడగడానికి మొహమాటం. అడగండి. నెలనెలా బరువు ఎంతో కూడా చెప్పమనండి. బరువు తగ్గుతూ పోతుంటే లోపల ఏదో జబ్బయినా ఉండాలి, దగ్గర కూర్చుని తినిపించే మనిషైనా కరువై ఉండాలి.

ఇంకొకటి మత్తు బిళ్ళల సంగతి. మతిమరుపు వచ్చినవాళ్ళు రాత్రిళ్ళు లేచి ఇంటికి పోతానంటారు, తలుపులు బాదుతారు. మనుషులు చాలని చోట దీనికి సులువైన మార్గం ఒక బిళ్ళ. ఇలాంటి వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకిచ్చే మందులు వాడితే చనిపోయే ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. "రాత్రంతా ప్రశాంతంగా పడుకుంటున్నారండీ" అని హోమ్ వాళ్ళు చెబితే మురిసిపోకుండా, ఏ బిళ్ళ, ఏ డాక్టరు రాశారు, ఎప్పటినుంచి అని అడగాలి. మత్తులో లేచి నడిస్తే పడటం, పడితే తుంటి విరగడం మామూలే. ఇక నెల్లూరు మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు. వయసు పైబడితే దాహం సరిగ్గా తెలియదు. పైగా మాటిమాటికీ బాత్రూమ్‌కి పిలిస్తే ఆయా విసుక్కుంటుందని నీళ్ళు తాగడమే మానుకునే పెద్దవాళ్ళున్నారు. మా పెద్దమ్మ అదే చేసేది.

సర్కారు చూసుకోదా అంటే, పెద్దగా చూసుకోదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రధానంగా పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించడానికి, రాసిచ్చిన ఆస్తి వెనక్కి ఇప్పించడానికి పనికొస్తుంది. జిల్లాకు కనీసం ఒక్కటైనా, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమం గురించి కూడా అందులో ఉంది. డబ్బు కట్టించుకునే ప్రైవేటు హోమ్‌కి లైసెన్సు, తనిఖీ అన్న ఊసు లేదు. వాటిని రిజిస్టర్ చేయించి కనీస ప్రమాణాలు పెట్టాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్ళింది, చట్టం కాలేదు, 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. ఇప్పుడు చాలాచోట్ల గోడకు ఫ్రేము కట్టి చూపించేది ట్రస్టు లేదా సొసైటీ రిజిస్ట్రేషన్. సంస్థ ఒకటుందని చెప్పే కాగితం అది, రాత్రి ఎంతమంది ఉంటారో అందులో ఉండదు.

మనం ఉంటున్న అమెరికాలో అంతా బాగుందని కాదు. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లకు, అంటే నర్సుల సంరక్షణలో పెద్దవాళ్ళుండే హోమ్‌లకు, 1987 నుంచి చట్టం ఉంది, 15 నెలలు దాటకుండా ఒకసారైనా చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు, 2008 నుంచి ఒక్కో హోమ్‌కి రేటింగ్‌గా స్టార్లు ఇస్తున్నారు. అయినా 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నర్సింగ్ హోమ్‌లలో ఎంతమంది పోయారో చూశాం. కాకపోతే ఇక్కడ తనిఖీ రిపోర్టు ఎవరైనా తెరిచి చదవచ్చు. అక్కడ ఆ రిపోర్టే లేదు.

కాబట్టి సంఘానికి నాదొక ప్రతిపాదన. ఈ ఏడాది వస్తువులు ఆపి, రెండు హోమ్‌లలో రాత్రికి అదనంగా ఒక్కో ఆయా జీతం మనం భరిద్దాం. నెల్లూరులో నర్సింగ్ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళ చేత ఆయాలకు మనిషిని తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, బీపీ చూడటం నేర్పిద్దాం. రిటైరైన నర్సు ఒకరికి నెలకింత అని ఇచ్చి, చెప్పకుండా రాత్రి పూట వెళ్ళి చూసి రమ్మందాం. పుండ్లు ఎందరికి ఉన్నాయి, ఎవరు పడ్డారు, ఎవరి బరువు తగ్గింది అన్నది ఆవిడ రాసింది రాసినట్టు ఆ పెద్దవాళ్ళ కుటుంబాలకు పంపుదాం. ఏదైనా మరీ తేడాగా ఉంటే ఊళ్ళో ఉన్న చుట్టాల చేత వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయిద్దాం. ఇంత పెత్తనం ఏమిటని కొన్ని హోమ్‌లు నొచ్చుకుంటాయి. మనుషులు దొరకడం లేదని చెప్పేవాళ్ళ మాటలో నిజముంది, జీతం పెంచి చూశారా అని వాళ్ళను అడగాలి. రాత్రి తనిఖీకి ఒప్పుకోని హోమ్‌కి మాత్రం మన డబ్బు వెళ్ళకూడదు.