25 డాలర్ల హంటింగ్ లైసెన్సు, 15 ఏళ్ల జైలు

"వీసా మీద ఉంటే గన్ కొనలేం అనుకోకు, ఒక హంటింగ్ లైసెన్సు తీసుకో, పనైపోతుంది." అమెరికాలో మన కుర్రాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే సలహా ఇది. ఇది అబద్ధం కాదు, సగం నిజం. నా భయమంతా మిగతా సగం గురించే.

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం, చెబుతోంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి కానీ మామూలు మనిషికి అందేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ గొడవ లేదు.

టెక్సాస్‌నే తీసుకుందాం, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరు నెలలకు పైగా అక్కడే ఉంటే రెసిడెంట్ కింద లెక్క, లైసెన్సు 25 డాలర్లు. బయటి రాష్ట్రాలవాళ్లకైతే 315. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి, కానీ వయసు 17 నిండితే అదంతా ఆన్‌లైన్‌లోనే కానిచ్చేయొచ్చు. ఇంకో 10 డాలర్లు కడితే ఒక్కసారికి ఆ కోర్సును కూడా వాయిదా వేసుకోవచ్చు, కాకపోతే కోర్సు చేసిన లైసెన్సుదారు వెంట ఉండాలి. మొత్తానికి ఒక్క తూటా కాల్చకుండానే, తుపాకీ ఎలా పట్టుకోవాలో ఎవరూ నేర్పకుండానే లైసెన్సు చేతికొచ్చేస్తుంది.

వేట కోసమే అయితే ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. చాలా ప్రాంతాల్లో సెప్టెంబరు 1న గువ్వల సీజన్ మొదలవుతుంది, నవంబరు మొదటి శనివారం జింకల సీజన్. ఎన్ని కొట్టొచ్చో కౌంటీని బట్టి మారుతుంది. జింక పడగానే లైసెన్సుతో ఇచ్చిన ట్యాగ్ చింపి, ఆ నెల, ఆ తేదీ ఉన్నచోట కోసి, కళేబరానికి కట్టాలి. లైసెన్సుల డబ్బును వేరే ఖర్చులకు మళ్లించిన రాష్ట్రానికి 1937 నాటి చట్టం కింద వచ్చే కేంద్ర నిధులు ఆగిపోతాయి. ఇదంతా అడవి జంతువుల లెక్క సరిగ్గా ఉండాలని కట్టుకున్న ఏర్పాటు. పరాయి దేశం మనిషి చేతికి తుపాకీ ఇవ్వొచ్చా లేదా అని తేల్చడానికి పెట్టింది కాదు, కానీ ఫెడరల్ చట్టం ఆ బరువు కూడా దీని మీదే మోపింది.

అక్కడే చిక్కులు మొదలవుతాయి. టెక్సాస్‌లో అడవిపందుల బెడద ఎక్కువై, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే లైసెన్సు లేకుండానే వాటిని కొట్టొచ్చని 2019లో చట్టం మార్చారు. అది విని ఫ్రెండ్ వాళ్ల రాంచ్‌కి వెళ్లి తుపాకీ అందుకున్న హెచ్-1బి వాడు రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు చేయలేదు, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం చేశాడు. ఇంకోటి, టెక్సాస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. జూన్‌లో తీసుకున్నా అంతే. సెప్టెంబరు 1 పొద్దున కొత్త లైసెన్సు లేకుండా తుపాకీ అల్మరాలో ఉందంటే, దాన్ని ముట్టుకోకపోయినా మినహాయింపు పోయినట్టే. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు.

స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోతే ఆ లైసెన్సు కూడా కాపాడదు, ఎందుకంటే ఆ మినహాయింపు చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లకే. యూఏఈ నుంచి చదువుకోడానికి ఫ్లోరిడా వచ్చిన రెహైఫ్ అనే విద్యార్థి మార్కులు రాక కాలేజీ నుంచి బయటపడ్డాడు, వెనక్కి వెళ్లలేదు, తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌లో తుపాకులు కాల్చాడు. దానికే కేసు పెట్టి శిక్ష వేశారు. స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, నిజమే, కానీ ఆ తీర్పు వచ్చేదాకా అతను పడింది ఎవరు తిరిగిస్తారు? లేఆఫ్ అయ్యాక హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఆ స్టేటస్ నిలిచేది మహా అయితే 60 రోజులు. ఉద్యోగం కోసం పరుగులు పెట్టే ఆ టెన్షన్‌లో ఇంట్లో ఉన్న తుపాకీ ఎవరికి గుర్తుంటుంది?

2024 నవంబరులో అట్లాంటాలో ఉంటున్న తెలంగాణ కుర్రాడొకడు తన తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు. విద్యార్థులకు అక్కడ వేట లైసెన్సు ఇస్తారని తనకు తెలియనే తెలియదని తండ్రి అన్నాడు. ఆయనకు ఎలా తెలుస్తుంది? మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1972లో వేట లైసెన్సులు ఉన్నా 1991 సవరణతో తీసేశారు. ఇక్కడి తల్లిదండ్రులకు కొడుకు పంపిన రేంజ్ ఫొటో చూస్తే సరదాగా ఉంటుందే తప్ప దాని వెనక ఏ కాగితం ఉందో, అది ఎప్పటిదాకా చెల్లుతుందో అడగాలని తోచదు.

యూనివర్సిటీలు ఓరియంటేషన్‌లో పార్ట్‌టైమ్ పని గురించి, ట్యాక్స్ గురించి చెప్పినట్టే దీని గురించి కూడా చెప్పాలి. మన తెలుగు సంఘాలు కొత్తగా వచ్చిన పిల్లల్ని కలిసినప్పుడు ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. లైసెన్సు అమ్మే వెబ్‌సైట్లో "మీరు తాత్కాలిక వీసా మీద ఉన్నారా" అని ఒక్క ప్రశ్న, కింద రెండు లైన్ల హెచ్చరిక పెట్టడం రాష్ట్రాలకు పెద్ద పనేం కాదు. నిజంగా వేట మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌తో సరిపెట్టుకోకుండా, నేర్పేవాళ్ల దగ్గర నిలబడి నేర్చుకునే కోర్సే చేయండి. ఇప్పటికే ఇంట్లో తుపాకీ ఉంటే ఇవాళే లైసెన్సు తీసి గడువు తేదీ చూసుకోండి, అది దాటిపోయి ఉంటే తుపాకీని ముట్టుకోకముందే ఇమిగ్రేషన్, క్రిమినల్ రెండూ తెలిసిన లాయర్‌కి ఫోన్ చేయండి.