పదో తరగతి మార్కులు ఎవరికి కావాలి?

పదో తరగతికి పబ్లిక్ పరీక్షలు ఇంకా అవసరమా అన్న ప్రశ్న ఏటా మార్చిలో లేస్తుంది, ఫలితాలు రాగానే సద్దుమణుగుతుంది. పాసైతే ఇంటర్‌లో సీటు ఎలాగూ దొరుకుతుంది, ఆ తర్వాత ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ర్యాంకులదే రాజ్యం, పదిలో ఎన్ని వచ్చాయని అడిగే నాథుడే ఉండడు అంటారు. ఇది కార్పొరేట్ కాలేజీలో ముందే సీటు మాట్లాడుకున్న ఇంటి లెక్క. ఊళ్లో లెక్క వేరు.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పది మార్కులే మెరిట్. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటుకూ అవే ఆధారం. సర్కారు బడి పిల్లలకు అక్కడ కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంది. గల్ఫ్‌కు పోయే జగిత్యాల కుర్రాడు పది పాసై ఉంటే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి) మెలిక ఉండదు. సిఫార్సు చేసే పెద్దమనిషి లేని పిల్లలకు ఆ మెమోయే సిఫార్సు.

పరీక్ష తీసేస్తే ఏమవుతుందో కరోనా కాలంలో చూశాం. తెలంగాణలో 2021లో ఇంటర్నల్స్, అంటే బడిలోనే వేసే మార్కుల ఆధారంగా గ్రేడ్లు ఇస్తే 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది వచ్చాయి. అంటే ఐదుగురిలో ఇద్దరికి! అందరూ ఫస్టే అయితే సీటు ఎవరికివ్వాలి? బాసర ఆ ఏడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకును ఆశ్రయించింది. ఆంధ్రప్రదేశ్ ట్రిపుల్ ఐటీలు వేరే ప్రవేశ పరీక్షే పెట్టాయి. పరీక్ష పోలేదు, పేరు మార్చుకుని వచ్చింది. కోచింగ్ కొనుక్కోగలిగినవాడికే అది అనుకూలం.

అలాగని ఇప్పుడున్న తీరు బాగుందని మేం అనడం లేదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్నల్ మార్కులను 2019లోనే ఎత్తేసింది. తెలంగాణ వాటి రద్దును 2024 నవంబర్‌లో ప్రకటించి, మర్నాడే ఏడాది వాయిదా వేసి, తీరా ఆ ఏడాది వచ్చాక పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 మార్కుల పాత పద్ధతే ఉంటుందంది. పిల్లల భవిష్యత్తు మీద ఇంత ఊగిసలాట ఏమిటి? ఇంటర్నల్స్ ఉద్దేశం మంచిదే. ప్రాజెక్టు పని, పుస్తక సమీక్ష, రాత పని, స్లిప్ టెస్టు - ఏడాది పొడవునా పిల్లవాడి చదువును చూడటం. కానీ ప్రాజెక్టు రికార్డు రాసిపెట్టేది అక్కో, ఇంటర్నెట్ సెంటరో అయినప్పుడు, తన బడి ఫలితాలను ఫ్లెక్సీ మీద వేసుకోవాల్సిన యాజమాన్యమే ఆ 20 మార్కులూ వేస్తున్నప్పుడు, నిజాయతీగా 14 వేసిన పంతులుగారి విద్యార్థే నష్టపోతాడు. పక్క మండలం టీచర్లతో రికార్డులు తనిఖీ చేయించే పని గట్టిగా చేయాలి. చేయలేకపోతే ఆ మార్కులు తీసేయడమే న్యాయం.

ఇంతకంటే పెద్ద లోపం, ఒక్క మార్చి నెలలోనే తలరాత తేలిపోవడం. లెక్కల పరీక్ష రోజు జ్వరం వస్తే అంతే సంగతులు. ఫలితాల రోజు పత్రికాఫీసుల్లో మేం భయపడుతూ ఎదురుచూసే వార్తలేమిటో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. సీబీఎస్ఈ 2026 నుంచి పదికి రెండో పరీక్ష తెచ్చింది. పాసైనవాళ్లు కూడా మూడు సబ్జెక్టుల వరకు మళ్లీ రాసుకోవచ్చు, ఏ మార్కు ఎక్కువైతే అదే నిలుస్తుంది. మన ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఇంప్రూవ్‌మెంట్ సదుపాయం ఎప్పటినుంచో ఉంది. పది పిల్లలు ఏం పాపం చేశారు? తప్పినవాళ్లకు పెట్టే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి సెంటర్లు, ప్రశ్నపత్రాలు, ఇన్విజిలేటర్లు ఎలాగూ సిద్ధంగా ఉంటారు. మార్కులు పెంచుకోవాలనుకునే వాళ్లనూ అందులో రాయనివ్వాలి, ట్రిపుల్ ఐటీ ప్రవేశాల గడువును ఆ ఫలితాలు వచ్చేదాకా జరపాలి. రెండు రాష్ట్రాల బోర్డులూ వచ్చే ఏడాది టైంటేబుల్ ప్రకటించేలోపే ఈ నిర్ణయం చెప్పాలి.